పిడికిలి తెరుచుకునేదాకా

నా డైరీల్లో మైలుతుత్తం వాసన ఇంకా పోలేదు. ఇనుప బీరువా తలుపు తీయగానే ముందు అదే తగులుతుంది, తర్వాత పాత గుడ్డ వాసన, ఆ తర్వాత కాగితం. మైదాపిండిని పల్చగా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పుస్తకాలు కట్టే జిగురు తయారవుతుంది. మా బాపు మల్లయ్య ఆ జిగురుతోనే యూనివర్సిటీ లైబ్రరీలో వేల పుస్తకాలకు అట్టలు వేశాడు. ఏడాదికొకటి చొప్పున నాకు డైరీ కట్టిచ్చిందీ ఆయనే. కత్తిరింపుల్లో మిగిలిన తెల్లకాగితాన్ని పోగుచేసేవాడు. దాన్ని చిన్న చిన్న మడతలుగా మడిచి (బైండింగు వాళ్లు ఒక్కో మడతను ఫారం అంటారు), ఫారం మీద ఫారం పెట్టి దారంతో కుట్టి, వీపుకు ఎర్ర గుడ్డ అంటించి నా చేతిలో పెట్టేవాడు. "రాసుకో కొడుకా, సదువుకున్నోనికి ఏమన్న రాసుకునే అలవాటు ఉండాలె" అనేవాడు. నాకప్పుడు ఏడేళ్లు. అక్షరాలు గీత మీద నిలబడటం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాయి. ఆ అలవాటు ఇప్పటిదాకా ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఈ పుష్యమాసంలో ఒక ఆదివారం ఉదయం, మా తమ్ముడి బిడ్డ శ్రావ్య లాలాపేట్ నుంచి తార్నాకలోని మా ఇంటికి వచ్చింది. తమ్ముడు శంకర్ పోయి చాలా ఏళ్లయింది. శ్రావ్యకు ఇరవై ఏడు. స్కూల్లో లెక్కల టీచరు. ఇప్పుడు మూడో నెల. రెండేళ్ల కిందట మొదటి కాన్పులో పాప పుట్టి తొమ్మిది గంటలు మాత్రమే బతికింది. అందుకే ఈసారి కాన్పు చూసే డాక్టరు ముందుగానే జన్యు పరీక్షల క్లినిక్కుకు పంపిందట. అక్కడి డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చి, తండ్రి వైపూ తల్లి వైపూ మూడు తరాల వివరాలు రాసుకురమ్మందట.

"ఎవలకు ఏ బీమారి ఉండె, ఎవలు ఎట్ల పోయిండ్రు, ఎన్నేండ్లకు పోయిండ్రు, అన్ని రాయాల్నట పెద్దబాపు," అన్నది శ్రావ్య, చాయ గ్లాసును రెండు చేతుల మధ్య పెట్టుకుని. "మమ్మీని అడిగితే, నాకేం ఎర్కలే, మీ పెద్దబాపునడుగు, ఆయన తుమ్మితే గూడ రాసుకుంటడు అన్నది."

నవ్వాను. ఆమె నవ్వలేదు. కాసేపు గ్లాసులోకి చూసి, "పాప చేతుల నా వేలు పెట్టిన పెద్దబాపు," అన్నది. "పట్టుకోలే. పుట్టిన పిల్లలు ఎవలైనా పట్టుకుంటరు గద. అది ఏడ్వలే, పట్టుకోలే. మెత్తగ గుడ్డముక్క తీర్గ ఉండె."

నేను బీరువా తెరిచి పాత డైరీలు కొన్ని తీసి ముందు పెట్టాను. ఆమె పేజీలు తిప్పుతూ పోయి, ఒకచోట ఆగి, మళ్లీ వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పింది. లెక్కలు చెప్పేవాళ్ల కన్ను అంకెల మీదే పడుతుంది.

"పేజీ పక్కకు గీ నంబర్లేంది? చలికాలంలనే ఉన్నయ్. ఎండాకాలం ఒక్కటి గూడ లేదు."

"చలి లెక్క బిడ్డా. ఆ రోజు ఎంత చలి ఉన్నదో వేసిన."

"మీ ఇంట్ల థర్మామీటరు ఉండెనా?"

"లైబ్రరీల ఉండె."

"నాలుగు, ఆరు, తొమ్మిది, పదకొండు..." ఆమె వేలు పేజీ అంచున కిందికి జారుతూ పోయింది. "అట్లయితే హైదరాబాదుల ఏటేటా చలి తగ్గుకుంట వచ్చిందన్నట్టు."

నేను ఆ డైరీ మూసి మాట మార్చాను. మా నాయనమ్మకు కళ్లకు పొరలు, వాళ్ల తాతకు గుండె, వాళ్ల నాన్నకు గుండె అని నేను చెబుతుంటే కాగితం మీద రాసుకుని లేచింది. గేటు దాకా వెళ్లాను. బయటికి వెళ్లి గేటు లాగి, ఇనుప గడియ వేసి, చెయ్యి తీయబోయింది. చెయ్యి రాలేదు. ఎడమ చేత్తో కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ, ఏమీ కానట్టు, "మళ్లొస్త పెద్దబాపు" అన్నది. నేను వెంటనే వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చేశాను. అక్కడే నిలబడితే లెక్కపెడతానని భయం వేసింది.

ఆ రోజు నుంచి ఒక వారం పాటు డైరీలన్నీ వరసగా చదివాను. ఎన్నడూ చేయని పని అది. రాసేవాడు రాసుకుంటూ పోతాడు గాని వెనక్కి చదవడు.

నా చిన్నప్పుడు మేము క్యాంపస్ వెనకవైపు చిన్న ఉద్యోగుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఒక గది, వంటకు ఒక మూల, ముందు రేకుల వసారా. చుట్టూ బండరాళ్లు, సీతాఫలం పొదలు. తెల్లవారుతుండగా నెమళ్లు అరిచేవి. అమ్మ కట్టెల పొయ్యి ముట్టించి అన్నిటికంటే ముందు చాయ పెట్టేది. ఆ మొదటి గ్లాసు తాగడానికి కాదు, పట్టుకోవడానికి. బాపు ఇత్తడి గ్లాసును రెండు చేతుల్లో పెట్టుకుని, అందులోంచి ఆవిరి రావడం ఆగిపోయేదాకా పొయ్యి పక్కన గొంతుక్కూర్చునేవాడు. చల్లారిన ఆ చాయను తర్వాత అమ్మ తాగేది. ఆయన్ని చూసి మేమందరం అలాగే చేసేవాళ్లం. అవసరం ఉన్నదీ లేనిదీ ఎవరూ అడగలేదు. చాయ ముందు చేతులకు, తర్వాతే నోటికి అని నేను చాలాకాలం నిజంగానే అనుకున్నాను. పెళ్లయి వచ్చిన కొత్తలో నా భార్య, "మీ ఇంట్ల అందరు చాయకు దండం పెడుతున్నట్టే కూసుంటరు" అని ఎగతాళి చేసేది. ఇప్పుడు ఆమె లేదు. నేను మాత్రం పొద్దున్నే అలాగే కూర్చుంటున్నాను.

చాయ కంటే ముందు ఒక ఆట ఉండేది. రాత్రి చలికి బిగిసిన చేత్తో బాపు నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కి, "ఇగ ఇడుస్తున్న, లెక్కపెట్టు కొడుకా" అనేవాడు. విడవడం ఆయన వశంలో లేదని నాకు తెలియదు. మొహం నవ్వుతూనే ఉండేది, వేళ్లు మాత్రం ఆయన మాట వినేవి కావు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ముడుచుకున్న ఆకు విప్పుకున్నట్టు, ఒక్కో వేలే మెల్లగా లేచేది. నేను అంకెలు నేర్చుకున్నది ఆ చేతిలోనే. డైరీ వచ్చాక ఆ రోజు లెక్కను పేజీ అంచున వేయడం మొదలుపెట్టాను. రెండోసారి పట్టి విడిస్తే త్వరగా వచ్చేది, మూడోసారి ఇంకా త్వరగా వచ్చేది. అందుకని మొదటి పట్టు లెక్కే రాయాలని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. ఏడేళ్ల పిల్లవాడు పెట్టుకున్న ఆ నియమం ఎంత సరైనదో ఈ మధ్యనే తెలిసింది.

నేను ఐదో తరగతికి వచ్చేసరికి లెక్క తొమ్మిది. హైస్కూలు దాటేసరికి పదిహేను. ఈ ఆట గురించి అమ్మ ఎప్పుడూ దిగులు పడలేదు. "మీ నాయినమ్మకు కండ్లకు పొరలొచ్చినయ్ గని చేతులు మంచిగనే ఉండె. మీ బాపువి కొంచెం మొండి చేతులు," అనేది. బాపు నడుస్తుంటే కాలి ముందుభాగం పూర్తిగా లేవక, చెప్పు నేలకు కొట్టుకుని టప్పు టప్పుమనేది. సాయంత్రం రాళ్లదారిలో ఆ చప్పుడు వినపడగానే అమ్మ రొట్టెల పెనం దింపి చాయ గిన్నె ఎక్కించేది. నాకు అది ఇంటికి వచ్చే తండ్రి చప్పుడు. దాన్ని మించిన తీపి శబ్దం ఆ రోజుల్లో నేనెరగను.

సెలవు రోజుల్లో ఆయన వెంట లైబ్రరీ కిందిగదిలో ఉండే బైండింగు సెక్షనుకు వెళ్లేవాణ్ని. పొడుగు బల్లలు, మూలన మర బిగించే ఇనుప ప్రెస్సు, స్టవ్వు మీద ఉడికే జిగురు. బాపు సన్నని పొడుగు మొహం, లోతుకుపోయిన కణతలు, సగం వాలిన కనురెప్పలు. పని చేస్తూ చేస్తూ కూర్చున్నచోటే కునుకు తీసేవాడు. "క్యా మల్లయ్యా, పుస్తకాలు కుడుతున్నవా, కలలు కుడుతున్నవా?" అని సూపర్‌వైజర్ సాబు అరిచేవాడు. "రెండు కుడుతున్న సాబ్, కలలకే దారం తక్కువైతున్నది," అనేవాడు బాపు. అందరూ నవ్వేవాళ్లు. సూదిలో దారం ఎక్కించడం నా పని, ఎందుకంటే ఆయన కళ్లకు కూడా నలభై నిండకముందే పొరలు కమ్మాయి. తల ముందుభాగం అంతా బట్టతల. మా తమ్ముడు పెరుగుతుంటే చుట్టాలు వాడి గడ్డం పట్టుకుని, "అచ్చం మల్లయ్యనే, గదే మొఖం, గవే కండ్లు" అని మెటికలు విరిచేవాళ్లు. అమ్మ పొంగిపోయేది. నాకు ఆ పోలిక రాలేదని నేను లోలోపల కుమిలిపోయేవాణ్ని. అది కూడా డైరీలో రాసుకున్నాను.

ఆ తర్వాత లెక్క పంతొమ్మిదికి వచ్చింది. అప్పుడు బాపుకు నలభై రెండు. ఇనుప ప్రెస్సు పిడి పట్టుకుంటే విడిపించుకోవడానికి పక్కమనిషి కావలసి వచ్చేది. అమ్మ మౌలాలి గుట్టకు మొక్కుకుంది. ఒక శుక్రవారం ఆయన్ని తీసుకుని నేను, అమ్మ దర్గా మెట్లు ఎక్కాం. సగం దాకా వెళ్లాక ఆయన కాలు మెట్టు అంచుకు తగిలి ముందుకు పడ్డాడు. లేపబోతే నా భుజం పట్టుకున్నాడు, ఆ చెయ్యి పైదాకా నా భుజం మీదే బిగిసి ఉండిపోయింది. కిందినుంచి లాలాపేట్ వైపు వెళ్లే రైలు కూత వినపడింది. "నేను నిన్ను ఇడువ కొడుకా," అన్నాడు ఆయాసపడుతూ, నవ్వుతూ. ఆ రాత్రి బట్టలు మార్చుకుంటే భుజం మీద నాలుగు వేళ్ల గుర్తులున్నాయి.

మరుసటి ఏడు చలికాలం నుంచి లెక్క తగ్గడం మొదలైంది. పదిహేను. పన్నెండు. ఎనిమిది. మూడు. ఇంటిల్లిపాదికీ పండగే. అమ్మ మళ్లీ గుట్ట ఎక్కి చక్కెర పంచింది. నేను అప్పటికి యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఆ రోజు డైరీలో ఎర్ర సిరాతో, "బాపుకు నయమవుతోంది" అని రాసి కింద గీత గీశాను. అదే పేజీలో ఇంకో నాలుగు వాక్యాల కింద, ఈమధ్య కొత్త డైరీ కుట్టు వదులుగా ఉందని, నీళ్ల బకెట్టు ఎత్తలేకపోయాడని, చొక్కా గుండీలు అమ్మే పెడుతోందని నా చేత్తోనే రాసి ఉంది. ఆ రెండింటినీ కలిపి చదివినవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు, రాసినవాడితో సహా. బిగుసుకోవడానికైనా కండలో సత్తువ ఉండాలి. అది పోయింది కాబట్టే లెక్క తగ్గింది. మేము దానికి చక్కెర పంచాం.

బాపు బైండింగు సెక్షనులోనే, మిట్టమధ్యాహ్నం పోయాడు. దారం ఎక్కించమని సూదిని పక్కనున్న మనిషికి ఇచ్చాడట. అతను ఎక్కించి చెయ్యి చాచేసరికి తీసుకునేవాడు లేడు. గుండె ఆగిందన్నారు.

ఆయన ఉద్యోగం తమ్ముడికి ఇచ్చారు. అప్పటినుంచి నా డైరీలు వాడు కుట్టాడు. మొదటి రెండేళ్లూ కుట్టు ఎంత బిగువో, ఇప్పటికీ ఆ పుస్తకాలు చెక్కుచెదరలేదు. ఆ తర్వాత వాడి చేతి లెక్కలు నా పేజీల అంచున మొదలయ్యాయి. అమ్మ పొద్దున్నే మళ్లీ ఇత్తడి గ్లాసు బయటికి తీసింది. బాపు పోయిన ఇంట్లో బాపు అలవాటు మిగిలిందని మేము ఓదార్పు పొందాం.

వాడికి పెళ్లిచూపులు మౌలాలిలో. పిల్ల పేరు సరోజన. తండ్రి రైల్వే వర్క్‌షాపులో సుత్తి కొట్టిన మనిషి. చలికాలం పొద్దు. అమ్మ ఫ్లాస్కులో చాయ పోసి నా చేతికిచ్చింది. వాళ్ల వీధి మలుపులో ఆగి, నేను చాయ పోసి తమ్ముడి రెండు చేతుల్లో గ్లాసు పెట్టాను. "లోపలికి పోయేదాక ఇడువకు. ఎవలన్న చెయ్యిస్తే గట్టిగ పట్టకు," అన్నాను. వాడు, "పిల్లను చూసుడా, పరీక్ష రాసుడా అన్నా?" అని నవ్వాడు. అనుకున్నట్టే ఆ పెద్దమనిషి గుమ్మంలోనే చెయ్యి చాచాడు. పట్టి, ఊపి, వదిలాడు. రెండు అనుకునేలోపు తమ్ముడి చెయ్యి తెరుచుకుంది. "పిలగాని చెయ్యి ఎచ్చగున్నది, మనసు గూడ గట్లనే ఉంటది," అన్నాడాయన భార్యతో. తర్వాత నన్ను పక్కకు పిలిచి అడిగాడు: "మీ ఇంట్ల బీమారీలు గీమారీలు ఏమన్న ఉన్నయా బాబు? దాపరికం లేకుంట చెప్పు." నేను చెప్పాను: "మా బాపు గుండె ఆగి పోయిండు మామా. ఇంకేం లేదు." ఆనాటి పేజీలో "సంబంధం కుదిరింది" అని ఉంది. అంచున "2" అని ఉంది. చాయ మాట లేదు. ఇన్నేళ్ల నా డైరీల్లో ఉన్న తప్పుడు లెక్క ఆ ఒక్కటే.

తమ్ముడికి ముప్పై నిండేసరికి లెక్క పంతొమ్మిదికి వచ్చింది. నలభై నిండక ముందే, లాలాపేట్ వెళ్లే బస్సులో కిటికీకి తల ఆనించి పోయాడు. ఎప్పుడూ నిద్రపోయే మనిషే కదా అని కండక్టరు డిపో దాకా లేపలేదు.

ఈ వారమంతా చదివి నేను తెలుసుకున్నది ఒకటే. ఆఫీసులో ఏ కాగితాన్ని ఆ ఫైలులోనే పెట్టే మనిషినని నాకు పేరు. డైరీలకు కూడా మనుషుల పేర్ల వారీగా సూచిక తయారుచేసుకున్నాను. నాయనమ్మ పేరు కింద కళ్లు. బాపు పేరు కింద గుండె. తమ్ముడి పేరు కింద నిద్ర, గుండె. పాపకు పేరు లేదు, "శ్రావ్య బిడ్డ" అని రాసి, పురిటి గండం అని వేశాను. ఎన్నడూ రెండు ఫైళ్లను పక్కపక్కన తెరిచి చూడలేదు. చేతుల సంగతి తెలియక కాదు. దాన్ని రోగం కింద రాయలేదు, పోలిక కింద రాశాను.

బుధవారం సాయంత్రం సరోజన వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. కుర్చీలో కూర్చోకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"పిల్లకు చలి డిగ్రీలని చెప్పినవట గద బావా."

"ఇంకేం చెప్పాలె సరోజనా."

"నాకు చెప్పకపోతివి, సరే. మా నాయినకు చెప్పకపోతివి, సరే. దానికి గూడ చెప్పవా?"

వాళ్ల నాయిన మాట ఎత్తగానే నాకు ఆ ఫ్లాస్కు గుర్తొచ్చింది. "చాయ సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

"పెండ్లయిన మూడోనాడే. తలుపు గొళ్లెం పట్టుకొని నిలవడ్డడు, చెయ్యి వస్తలేదు. 'మా అన్న చాయ పట్టిచ్చి నిన్ను తెచ్చిండు' అని తనే చెప్పి నవ్విండు. నేను గూడ నవ్విన. మంచోడు, ఏమని కొట్లాడుదు?" కొంగుతో మొహం తుడుచుకుంది. "నిన్ను తిట్టనీకె రాలే బావా. శ్రావ్యను చూడనీకె వచ్చినప్పుడు గదే చాయ నేను పోసిన. దాని రెండు చేతులల్ల నేనే పెట్టిన. చేతులు చల్లగుంటయ్ బిడ్డా, పట్టుకో అన్న. అది నన్ను నమ్మింది."

వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

"శనివారం దవాఖానకు పోతది," అన్నది చివరికి. "తల్లిని, నా నోరు లేస్తలే. రాసినోనివి నువ్వు. నువ్వే చెప్పాలె."

శనివారం పొద్దున్న డైరీలను రెండు సంచుల్లో పెట్టుకుని వెళ్లాను. క్లినిక్కు క్యాంపస్ రోడ్డుకు ఆనుకునే ఉంది. మేమున్న క్వార్టర్లు ఇప్పుడు లేవు, ఆ స్థలంలో హాస్టలు కట్టారు. బండరాళ్లు కొన్ని మిగిలాయి. చెట్ల మధ్య మంచు ఇంకా పట్టుకుని ఉంది, ఎక్కడో ఒక నెమలి అరిచింది. బయట సిమెంటు బెంచీ మీద శ్రావ్య కూర్చుని ఉంది. కాగితం కప్పులో చాయ, రెండు చేతుల మధ్య. తాగడం లేదు.

పక్కన కూర్చుని అంతా చెప్పాను. బాపు ఆట, పంతొమ్మిది, చక్కెర, మౌలాలి వీధి మలుపు, ఫ్లాస్కు. పెళ్లిచూపుల్లో తల్లి పట్టించిన చాయ సంగతీ చెప్పాను.

"నాలుగు, ఆరు, తొమ్మిది చూసినప్పుడే అనుకున్న, గిది చలి గాదని," అన్నది చివరికి. "పోరలు అబద్ధం చెప్తే ఎట్లుంటదో రోజు చూస్త గద పెద్దబాపు." కొంచెం ఆగి, "నాకు కాలేజీ రోజుల నుంచే ఉన్నది. అందరికి ఉంటదనుకున్న. మా ఆయన గూడ చలికి అట్లనే అయితది అన్నడు," అన్నది.

"ఆ చాయ నాకియ్యి బిడ్డా."

"ఎందుకు?"

"ఇయ్యాల ఎచ్చటి చేతులతోని లోపలికి పోవద్దు. ఉన్నదున్నట్టు చూడాలె డాక్టరమ్మ."

ఆమె నా మొహంలోకి చూసి కప్పు ఇచ్చింది. వెచ్చగా ఉన్న చేతులు కాబట్టి సులువుగానే వదిలాయి. ఆ చాయను చెట్టు మొదట్లో పారబోశాను. చేతులు చల్లబడేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఆమె అరచేతులు బెంచీ సిమెంటు మీద ఆనించి ఉంచింది. నా జీవితంలో నేను ఎవరి చేతులైనా చల్లబడాలని ఎదురుచూసింది అప్పుడే.

డాక్టరమ్మ చిన్న వయసామె, గుంటూరు వైపు మాట. డైరీల అంచులు చూస్తూ ఒక్కో పేజీ తిప్పింది. "ఇన్నేళ్లూ మొదటి పట్టే రాశారా తాతగారూ? రెండోసారిది కలపకుండా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె ఒక కాగితం మీద ఆడవాళ్లకు గుండ్రాలూ మగవాళ్లకు చతురస్రాలూ గీసి, నాయనమ్మ నుంచి పేరు లేని పాప దాకా ఒకే గీతతో కలిపింది. నేను జీవితమంతా వేర్వేరు ఫైళ్లలో పెట్టినవి ఒక నిమిషంలో ఒక్క కాగితం మీదికి వచ్చాయి.

"ఒక జన్యువులో చిన్న ముక్క ఒకటి ఉంటుందండీ, మూడే అక్షరాలు. అందరిలోనూ అది కొన్నిసార్లు వస్తుంది. కొన్ని కుటుంబాల్లో మాత్రం అదే ముక్క లెక్కకు మించి మళ్లీ మళ్లీ చేరుతూ ఉంటుంది. కళ్లకూ చేతులకూ గుండెకూ వచ్చేదంతా ఆ ఒక్కదానివల్లే. తరం మారినప్పుడల్లా అది ఇంకా పెరగొచ్చు. పెరిగినకొద్దీ జబ్బు ముందుగా మొదలవుతుంది, గట్టిగా కూడా వస్తుంది. తల్లి నుంచి వచ్చినప్పుడు ఒక్కోసారి పుట్టుకతోనే కనిపిస్తుంది."

నాకు బైండింగు బల్ల కళ్లముందుకు వచ్చింది. ఒకే ఫారాన్ని పొరపాటున రెండుసార్లు, పదిసార్లు, వందసార్లు కుడుతూ పోతే పుస్తకం వీపు బిగుసుకుపోతుంది, తెరుచుకోదు. నాయనమ్మ పుస్తకంలో కొన్ని ఫారాలే ఎక్కువ. బాపు పుస్తకంలో ఇంకొన్ని. నా పుస్తకం సరిగానే వచ్చింది. అందులో నా గొప్పేమీ లేదు, బొమ్మా బొరుసా వేస్తే నాకు బొమ్మ పడింది, తమ్ముడికి బొరుసు పడింది. పాప పుస్తకం తెరిచే సత్తువ కూడా లేకుండానే కట్టారు.

"మరి లోపలున్నదానికి?" అని శ్రావ్య అడిగింది. చెయ్యి పొట్ట మీద లేదు, ఒళ్లో పడి ఉంది.

"సగం సగమమ్మా. రావచ్చు, రాకపోవచ్చు. ముందు మీ రక్తం రిపోర్టు రానివ్వండి. కావాలనుకుంటే కడుపులో బిడ్డకు కూడా పరీక్ష చేయొచ్చు. ఏం చేయాలో అప్పుడు మీరూ మీవారూ నిర్ణయించుకుందురు. మా మిషను కూడా తాతగారు చేసిన పనే చేస్తుంది. లెక్కపెడుతుంది, అంతే."

తేడా ఉంది. ఆనాటి లెక్క నవ్వుతో మొదలై చాయతో ముగిసేది. ఆ అంకె ఎటు పోతోందో తెలియకుండా యాభై ఏళ్లు బతికాం, పెళ్లిళ్లు చేశాం, చక్కెర పంచాం. ఈ పిల్లకు అంకె ముందే తెలుస్తుంది. దాన్ని చేతిలో పెట్టుకుని ఆమె ఇంకా ఆరు నెలలు నడవాలి. ఏది మేలో నేను చెప్పలేను. తెలియకపోవడం వల్ల మాకు దక్కిన ప్రశాంతత బరువు ఎవరి తలమీద పడిందో ఆ మనిషి మాత్రం నా ఎదుటే కూర్చుని ఉంది.

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని చెయ్యి చాచింది. "నా చెయ్యి గట్టిగా పట్టుకోండి. ఇంకా గట్టిగా. ఆఁ. ఇప్పుడు వదిలేయండి."

శ్రావ్య వదిలింది. వేళ్లు వదల్లేదు.

ఎవరూ అడగకుండానే నేను పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బాపు నేర్పిన తీరులోనే, అదే వేగంతో. డాక్టరమ్మ ముందు గోడ గడియారం వైపు చూసింది, తర్వాత చూడటం మానేసి నా గొంతే వింది. తొమ్మిది దగ్గర చూపుడువేలు కదిలినట్టనిపించింది, కదల్లేదు. పద్నాలుగు. పదిహేను. పంతొమ్మిది దగ్గర నా గొంతు ఆగిపోయింది. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరి పిడికిలీ దాటని అంకె అది.

శ్రావ్య తన చేతివైపు చూడలేదు. నావైపే చూస్తోంది.

"ఆపకు పెద్దబాపు," అన్నది.

"ఇరవై," అన్నాను.